కనిపించని దెబ్బకు ఒక్కరే సాక్షి

యంత్రంలో పడి కార్మికుడి బొటనవేలు తెగిపోతే అతని సంపాదనా శక్తిలో 30 శాతం పోయినట్టు మన పరిహార చట్టం పట్టిక లెక్కగడుతుంది. రెండో కన్ను బాగానే ఉండి ఒక కన్ను పోతే 40 శాతం. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం తెచ్చిన అసలు మార్పు ఈ అంకెల కంటే వాటి వెనకనున్న సూత్రంలో ఉంది. పనిలో ఉండగా, పని కారణంగా మనిషి గాయపడితే యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాల్సిన భారం కార్మికుడిపై ఉండకూడదన్నది ఆ సూత్రం. అయితే ఆ పట్టిక రాసినవారు కంటికి కనిపించే నష్టాన్నే కొలిచారు. తెగిన వేలు, పోయిన చూపు, వినపడని చెవి అందులో ఉన్నాయి. పుర్రె పగలకుండా, నెత్తురు కారకుండా, స్కాన్‌లో ఏమీ తేలకుండా మెదడు పనిని మాత్రం గాడి తప్పించే దెబ్బకు అందులో చోటు లేదు. క్రీడారంగంలో ఆ దెబ్బను కంకషన్ అంటున్నారు. శరీరమే పెట్టుబడిగా బతికే వృత్తి క్రీడాకారులకు అది పని గాయమే. ఆ గాయాన్ని ఇన్నాళ్లూ వైద్యుల పుస్తకంలోనూ ఆట నియమాల్లోనూ మాత్రమే చూశాం. కార్మిక హక్కుల కోణం నుంచి చూడనంతకాలం వైద్యమూ పనిచేయదు, నియమమూ పనిచేయదు.

ఈ మాటను ఒడిశాలోని బరంపురం నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1894 ఆగస్టు 10న ఇక్కడి తెలుగు ఇంట పుట్టిన వి.వి. గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, రైల్వే కార్మికుల మధ్య పనిచేసి, రెండుసార్లు కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడయ్యారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవిని వదులుకున్నారు. ఆపై 15 ఏళ్లకు రాష్ట్రపతి అయినా ఆయన పేరు ముందుగా గుర్తుచేసేది కార్మికుణ్నే. బరంపురం ఉన్న గంజాం జిల్లాకు ఒంటి కష్టం అమ్ముకుని బతకడం ఎంత పాత అనుభవమో ఆయనకు తెలుసు. ఒకప్పుడు ఈ జిల్లా మనుషులు ఓడెక్కి రంగూన్ వెళ్లారు, ఇప్పుడు రైలెక్కి సూరత్ మరమగ్గాలకు వెళ్తున్నారు. అదే ఒంటి కష్టంతో మైదానంలో పైకొచ్చినవారూ ఉన్నారు. బరంపురం బిడ్డ, వెయిట్‌లిఫ్టర్ కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్వర్ణం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో రజతం ఎత్తుకొచ్చారు. బరువులెత్తే చోట తలదెబ్బలు తక్కువే. కానీ నొప్పిని పంటి బిగువున ఓర్చుకున్నవాడే మొనగాడన్న వ్యాయామశాల విలువ కబడ్డీ బరిలోకీ ఫుట్‌బాల్ మైదానంలోకీ క్రికెట్ పిచ్ మీదకీ అలాగే నడిచి వస్తుంది. కండరానికి ఆ ఓర్పు బలమిస్తుంది. మెదడుకు అదే ఓర్పు చేటు చేస్తుంది.

కంకషన్‌లో జరిగేది ఏమిటో తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. తలకు గానీ, మెడకు గానీ, చివరికి ఒంటికి గానీ తగిలిన కుదుపు మెదడును పుర్రె లోపల అదరగొడుతుంది. నరకణాల పొరల గుండా పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పారుతుంది. ఆ సమతూకాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి కణాలకు ఒక్కసారిగా ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే మెదడుకు రక్తప్రసరణ తగ్గుతుంది. అవసరం పెరిగి సరఫరా తగ్గిన ఈ స్థితి కొన్ని రోజులు, ఒక్కోసారి కొన్ని వారాలు ఉంటుంది. నరాలు తెగవు, రక్తం గడ్డకట్టదు, కాబట్టి సీటీ స్కాన్ మామూలుగానే కనిపిస్తుంది. స్పృహ తప్పితేనే ప్రమాదమన్న నమ్మకం మనలో బలంగా ఉంది గానీ, క్రీడల్లో జరిగే కంకషన్లలో స్పృహ తప్పేవి పదో వంతు కూడా ఉండవు. మిగిలినవారు లేచి నిలబడతారు, నడుస్తారు, ఆటలోకి తిరిగి వెళ్తారు. తల బరువెక్కడం, కళ్లు బైర్లు కమ్మడం, వెలుతురు పడకపోవడం, మాట తట్టకపోవడం, ఊరికే చిరాకు పుట్టడం, నిద్ర చెదరడం వంటి లక్షణాలు కొన్ని వెంటనే, కొన్ని గంటల తర్వాత బయటపడతాయి. వీటన్నిటినీ కలిపి తెలుగులో రెండు మాటల్లో చెబుతాం: ఏదోలా ఉంది.

ఈ రెండు మాటలు చెప్పగలిగేది ఒక్కరే. మోకాలు వాస్తే ఫిజియో చూస్తాడు, వేలు విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. మెదడు మసకబారితే ఆటగాడు నోరు విప్పాలి. నిర్ధారణ మొత్తం ఒకే సాక్షి మీద ఆధారపడిన గాయమిది. ఆ సాక్షి నిజం చెబితే జట్టులో చోటు పోతుంది, మ్యాచ్ ఫీజు పోతుంది, వచ్చే ఏడాది ఒప్పందం చేజారుతుంది. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై 2004లో వెలువడిన అధ్యయనంలో కంకషన్ అయినవారిలో దాన్ని ఎవరికైనా చెప్పినవారు సగానికి తక్కువే. ఇది అంత పెద్ద విషయం అనుకోలేదని కొందరు, ఆట వదిలి బయటికి రావడం ఇష్టం లేక చెప్పలేదని మరికొందరు అన్నారు. జీతం, ఒప్పందం ఏవీ లేని పిల్లలే ఇలా దాస్తే, ఇంటిల్లిపాదీ తన సంపాదన మీద బతికే ఆటగాడు దాచడంలో వింత లేదు. కంకషన్ వైద్యానికి మొదటి పరికరం ఆటగాడి నిజాయతీ అయితే, ఆ నిజాయతీకి ఆధారం అతని ఉద్యోగ భద్రత. నిజం చెప్పినందుకు నష్టపోని ఏర్పాటు లేకుండా ఎన్ని పరీక్షలు పెట్టినా అవి అబద్ధపు జవాబులనే నమోదు చేస్తాయి.

దాచడం వల్ల ఆటకైనా మేలు జరుగుతుందా అంటే, జరగదని ఆధారాలు చెబుతున్నాయి. యుక్తవయసు క్రీడాకారులపై 2016లో అమెరికాలో వచ్చిన అధ్యయనం ప్రకారం, దెబ్బ తగిలిన వెంటనే బయటికొచ్చినవారు సగటున 22 రోజుల్లో కోలుకున్నారు. ఆడుతూ పోయినవారికి 44 రోజులు పట్టింది. పావుగంట ఆట కోసం దాచిన నిజం మూడు వారాల ఆటను మింగిందన్నమాట. పనితీరు విషయంలో బేస్‌బాల్ మీద 2015లో జరిగిన పరిశోధన చెప్పుకోదగ్గది. కంకషన్ తర్వాత తిరిగి వచ్చిన బ్యాటర్లను మామూలుగా ఆడుతున్నవారితో పోల్చకుండా, ఇంట్లో కాన్పు కోసమో చావు కోసమో సెలవు పెట్టి వచ్చినవారితో పోల్చారు. ఆటకు దూరమైన విరామం ఇద్దరికీ ఉంది, మెదడుకు దెబ్బ ఒకరికే ఉంది. మొదటి రెండు వారాల్లో కంకషన్ అయినవారి బ్యాటింగ్ స్పష్టంగా తగ్గింది. ఆపై క్రమంగా తేడా తగ్గుతూ వచ్చింది. పూర్తిగా కోలుకున్నట్టు అనుమతి పొందినవారి సంగతి ఇది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని చదవడానికి క్రికెట్ బ్యాటర్‌కు అర సెకను కూడా ఉండదు. అందులో కొద్దిపాటి ఆలస్యం కూడా వికెట్ పడటానికి చాలు, మళ్లీ తలకు తగలడానికీ చాలు.

దెబ్బ తలకు తగిలినా మూల్యం కాళ్లూ చెల్లిస్తాయి. యూరప్ వృత్తి ఫుట్‌బాల్ జట్లపై 2014లో వచ్చిన అధ్యయనం, కంకషన్ అయిన ఆటగాడికి తర్వాతి ఏడాదిలో వేరే గాయాలయ్యే ప్రమాదం సుమారు 50 శాతం పెరుగుతుందని తేల్చింది. ఇంగ్లండ్ వృత్తి రగ్బీలో అదే సీజన్‌లో తిరిగి ఆడినవారికి ఆ ప్రమాదం 60 శాతం ఎక్కువని 2016లో మరో బృందం చూపించింది. తూకం, చూపు, కాలి కదలికల మధ్య పొందిక పూర్తిగా కుదురుకోకముందే పరుగెత్తడం ఇందుకు ముఖ్యమైన వివరణగా వైద్యులు చెబుతున్నారు. చీలమండ బెణికినప్పుడు ఎవరికీ మూడు నెలల కిందటి తలదెబ్బ గుర్తుకురాదు. ఆటగాడికి గాయాలు ఎక్కువ, నమ్మదగినవాడు కాదు అన్న ముద్ర పడుతుంది. ఆ ముద్రకు మూలం ఎక్కడుందో అతని రికార్డులో ఉండదు.

దీనికి ఎదురువాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కంకషన్ తర్వాత పనితీరులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనబడలేదన్న అధ్యయనాలు అమెరికన్ ఫుట్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ ఉన్నాయి. పెద్దవారిలో ఎక్కువమంది 10 నుంచి 14 రోజుల్లో కోలుకుంటారన్నదీ నిజమే. మరి ఇంత ఆందోళన ఎందుకని అడగవచ్చు. ఈ అధ్యయనాలు ఎవరిని కొలిచాయో గమనిస్తే జవాబు దొరుకుతుంది. అవి తిరిగి వచ్చి ఆడినవారి అంకెలు. తిరిగి రానివారు, వచ్చినా జట్టు ఉంచుకోనివారు ఆ లెక్కలోకి రారు. కెరీర్ నిడివినీ జీతాన్నీ కలిపి చూసిన 2017 నాటి పరిశోధన అమెరికన్ ఫుట్‌బాల్‌లో వేరే చిత్రాన్ని చూపింది. కంకషన్ నమోదైన ఆటగాళ్లు లీగ్ నుంచి ముందుగా నిష్క్రమించారు, వారి ఆదాయమూ తగ్గింది. ఆ లీగ్‌లో ఒప్పందాల్లో చాలా భాగానికి పూర్తి హామీ ఉండదన్న సంగతి ఇక్కడ కీలకం. త్వరగా కోలుకోవడం చాలామందికి సాధ్యమే. ఆ రెండు వారాలు కోలుకునే వెసులుబాటు వారికి ఉందా అన్నదే ప్రశ్న.

మన క్రికెట్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. 2020 జనవరి 14న ముంబయి వాంఖడేలో ఆస్ట్రేలియాపై ఆడుతూ రిషభ్ పంత్ పాట్ కమిన్స్ వేసిన బంతి హెల్మెట్‌కు తగిలి కంకషన్‌కు గురయ్యాడు. కె.ఎల్. రాహుల్ గ్లవ్స్ తొడుక్కున్నాడు. ముందు జాగ్రత్తగా ఆంధ్ర వికెట్ కీపర్ శ్రీకర్ భరత్‌ను జట్టులోకి పిలిచారు. పంత్‌ను బయట కూర్చోబెట్టి విశ్రాంతి ఇవ్వడం వైద్యపరంగా సరైన నిర్ణయం. కానీ ఆ తర్వాత న్యూజిలాండ్‌లో జరిగిన ఐదు టీ20ల్లో, మూడు వన్డేల్లో కీపర్‌గా రాహులే కొనసాగాడు. పంత్‌కు తుది జట్టులో చోటు దక్కలేదు. రాహుల్ బాగా ఆడాడు కాబట్టి ఉంచుకున్నారన్నది నిజమే, పంత్ ఫామ్‌పై అప్పటికే ప్రశ్నలున్నదీ నిజమే. అయినా దేశంలోని ప్రతి యువ ఆటగాడూ ఆ పరిణామం నుంచి నేర్చుకునే పాఠం ఒకటే: ఖాళీ చేసిన కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. పంత్ లాంటి ప్రతిభావంతుడు ఆ చోటును మళ్లీ గెలుచుకోగలిగాడు. రంజీ జట్టులో 14వ పేరుగా ఉన్నవాడికి, కబడ్డీ లీగ్‌లో ఒకే సీజన్ ఒప్పందంతో వచ్చినవాడికి ఆ రెండో అవకాశం రాదు.

కొందరికి తిరిగి వచ్చే దారే మూసుకుపోతుంది. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ బంతి తలకు తగిలి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. ప్రాణం దక్కింది, తర్వాత దేశవాళీ క్రికెట్ కూడా ఆడగలిగారు గానీ మళ్లీ టెస్టు ఆడలేదు. కంటికి కనిపించిన గాయమది. ఆస్ట్రేలియా బ్యాటర్ విల్ పుకోవ్‌స్కీది కనిపించని గాయాల కథ. 2021 జనవరిలో సిడ్నీలో భారత్‌పై తొలి టెస్టులోనే 62 పరుగులు చేసిన ఆ కుర్రాడు పదేపదే కంకషన్లకు గురై, మరో టెస్టు ఆడకుండానే, వైద్యుల సలహాతో 2025లో 27 ఏళ్లకే ఆట వదిలేశాడు. మరింత దీర్ఘకాలంలో ఏం జరుగుతుందో చెప్పేటప్పుడు జాగ్రత్త అవసరం. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మెదళ్లలో 111కి 110లో క్షీణవ్యాధి గుర్తులు కనిపించాయన్న 2017 అధ్యయనం ఎక్కువగా లక్షణాలున్నవారి కుటుంబాలు అప్పగించిన మెదళ్లపై జరిగింది, కాబట్టి ఆ నిష్పత్తి అందరికీ వర్తించదు. కానీ స్కాట్లండ్ మాజీ వృత్తి ఫుట్‌బాలర్లలో మెదడు క్షీణవ్యాధులతో మరణాలు సాధారణ జనాభాతో పోలిస్తే మూడున్నర రెట్లని 2019లో తేలిన సంగతిని పక్కన పెట్టలేం. 2003లో ఇంగ్లండ్‌కు రగ్బీ ప్రపంచకప్ తెచ్చిన జట్టులోని స్టీవ్ థాంప్సన్ ఆ ఫైనల్ ఆడిన జ్ఞాపకమే తనకు లేదని నలభైల్లో ఉండగా చెప్పాడు. జీవితంలో అతిపెద్ద గెలుపు గెలిచినవాడికే గుర్తులేకుండా పోయింది.

ముప్పు తెలిసే ఆ వృత్తిలోకి వచ్చారు, డబ్బు తీసుకుంటున్నారు, ఇక ఫిర్యాదు దేనికన్నది తరచూ వినే వాదన. గనిలో దిగే కార్మికుడి గురించి కూడా వందేళ్ల కిందట ఇదే అన్నారు. రిస్కు ఒప్పుకున్నవాడికి పరిహారం దక్కదన్న ఆ న్యాయసూత్రాన్ని పక్కకు నెట్టడానికే పరిహార చట్టం పుట్టింది. పైగా కంకషన్‌లో ఈ వాదన మరింత బలహీనపడుతుంది. మొదటి దెబ్బ తగిలే అవకాశాన్ని ఆటగాడు ఒప్పుకుని ఉండవచ్చు. రెండో దెబ్బ తినే నిర్ణయం మాత్రం మొదటి దెబ్బ తిన్న మెదడే తీసుకుంటోంది. తీర్పు చెప్పాల్సిన అవయవమే గాయపడినప్పుడు దాని సమ్మతిని సమ్మతి అనలేం. 2018 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో లివర్‌పూల్ గోల్‌కీపర్ లోరిస్ కరియస్ ప్రత్యర్థి ఆటగాణ్ని ఢీకొన్నాక రెండు ఘోర తప్పిదాలు చేసి ప్రపంచమంతటి నవ్వులపాలయ్యాడు. కొన్ని రోజుల తర్వాత బోస్టన్ వైద్యులు పరీక్షించి అతనికి కంకషన్ అయిందని, చూపుకూ స్థలజ్ఞానానికీ సంబంధించిన లోపం అతని ఆటపై ప్రభావం చూపి ఉండవచ్చని చెప్పారు. మైదానంలో ఉండగా ఆ సంగతి అతనికీ తెలియదు, జట్టుకూ తెలియదు. అతని కెరీర్ మళ్లీ ఆ ఎత్తుకు చేరలేదు.

రెండో అభ్యంతరం దుర్వినియోగం గురించి. ఐసీసీ 2019 ఆగస్టు 1 నుంచి కంకషన్ సబ్‌స్టిట్యూట్‌ను అనుమతించింది. 2020 డిసెంబరు 4న కాన్‌బెర్రాలో మిచెల్ స్టార్క్ బంతి హెల్మెట్‌కు తగిలిన రవీంద్ర జడేజా బ్యాటింగ్ పూర్తిచేసి 44 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. విరామంలో అతని స్థానంలోకి వచ్చిన యుజ్వేంద్ర చాహల్ మూడు వికెట్లు తీసి మ్యాచ్ గెలిపించాడు. ఆస్ట్రేలియా కోచ్ అక్కడే నిరసన తెలిపాడు. 2025 జనవరి 31న పుణెలో శివమ్ దూబే స్థానంలో హర్షిత్ రాణా దిగి మూడు వికెట్లు పడగొట్టినప్పుడు ఇంగ్లండ్ కెప్టెన్ ఇది సమాన మార్పిడి కాదన్నాడు. అనుమానాలు సహజమే, రెండో సందర్భంలో అభ్యంతరానికి బలముంది కూడా. కానీ ఈ రెండు వివాదాలూ ఎక్కువగా బదులుగా ఎవరు రావాలన్న ప్రశ్నపై నడిచాయి. దెబ్బ తిన్నవాడు బయటికి రావాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. దెబ్బ తగిలాక కాసేపు ఆడాడు కాబట్టి కంకషన్ కాదనడం ఆ గాయం స్వభావం తెలియనివారి మాట. బదులు ఆటగాళ్ల పేర్లను మ్యాచ్‌కు ముందే ప్రకటించాలని, కంకషన్ నిర్ధారణ అయితే కనీసం ఏడు రోజులు ఆడకూడదని ఐసీసీ 2025లో నియమాలు బిగించింది. దుర్వినియోగానికి తగిన మందు ఇదే. ఏడు రోజుల విరామం తప్పనిసరైతే లేని కంకషన్‌ను నటించడం ఎవరికీ లాభసాటి కాదు.

ఇంతవరకూ చెప్పుకున్నది కెమెరాల ముందు జరిగే ఆట. గంజాం జిల్లా నుంచి పైకి వెళ్లే క్రీడాకారుల్లో చాలామంది జీవితం ఆ వెలుగులో నడవదు. వారికి వృత్తి క్రీడ అంటే రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటా ఉద్యోగం, రాష్ట్ర జట్టులో చోటు, అదృష్టం కలిసొస్తే ఏదైనా లీగ్‌లో ఒకటి రెండు సీజన్లు. మహిళల రగ్బీలో ఒడిశా దేశంలోనే ముందు వరసలో ఉంది, హాకీకి రాష్ట్ర ప్రభుత్వమే 2018 నుంచి జాతీయ జట్ల స్పాన్సర్. రెండూ తలదెబ్బల ముప్పున్న ఆటలే. ఒకేలాంటి ఆటల్లో మహిళలకు కంకషన్లు ఎక్కువగా నమోదవుతున్నాయని పరిశోధనలు చెబుతున్నందున ఒడిశా బాధ్యత మరింత పెద్దది. కబడ్డీలో రైడర్ మడమ పట్టి లాగినప్పుడు తల నేలను తాకుతుంది, గొలుసు కట్టి మీద పడినప్పుడు మోకాలు కణతకు తగులుతుంది. హెల్మెట్ లేని ఆట అది. అక్కడ ఆటగాణ్ని బయటికి పంపాలా వద్దా అని తేల్చేది సాధారణంగా గెలుపు కోసం తపించే కోచ్, లేదా కోచ్ కింద పనిచేసే ఫిజియో. నిర్ణయించేవారికీ ఫలితానికీ మధ్య ఈ ముడి తెగనంతకాలం ఆటగాడు సురక్షితంగా ఉండడు.

బరంపురానికి సొంతమైన ఇంకో చిక్కు కూడా ఉంది. అది భాష. కంకషన్ పరీక్షలో చాలా భాగం మాటలతోనే నడుస్తుంది. పది మాటలు చదివి తిరిగి చెప్పమంటారు. అంకెలను వెనక నుంచి చెప్పమంటారు. నెలల పేర్లను డిసెంబరు నుంచి జనవరి దాకా ఏకరువు పెట్టమంటారు. లక్షణాల పట్టికలో ప్రతిదాన్నీ ఎంత తీవ్రంగా ఉందో కొలిచి చెప్పాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, శిక్షణ శిబిరంలో హిందీ, వైద్యుడి కాగితం మీద ఇంగ్లిష్. ఈ నాలుగింటి మధ్య పెరిగిన బరంపురం తెలుగు కుర్రాణ్ని తనకు అంతగా పట్టులేని భాషలో పరీక్షిస్తే, తడబాటు దెబ్బ వల్ల వచ్చిందో భాష వల్ల వచ్చిందో ఎలా తెలుస్తుంది? తలలో మసక కమ్మినట్టుందా అని ఇంగ్లిష్ పట్టికలో ఉన్న ప్రశ్నకు అతను లేదని చెప్పవచ్చు. తల దిమ్ముగా ఉందా, మొద్దుబారినట్టుందా అని అడిగితే వెంటనే ఔనంటాడు. సీజన్ మొదట్లోనే, ఆరోగ్యంగా ఉన్నప్పుడే, ఆటగాడు కలలు కనే భాషలో ఈ పరీక్ష పెట్టి ఫలితాన్ని దాచి ఉంచాలి. దెబ్బ తగిలాక దానితోనే పోల్చాలి. తెలుగులోనూ ఒడియాలోనూ ఈ పట్టికలను వైద్యులూ భాషావేత్తలూ కలిసి సరిచూసి తయారుచేయడం బరంపురం విశ్వవిద్యాలయమూ ఎంకేసీజీ వైద్య కళాశాలా చేయిచేయి కలిపితే అయ్యే పని. రెండు భాషల సరిహద్దులో ఉన్న ఊరికి ఈ పని తెలిసినంతగా మహానగరాలకు తెలియదు.

జిల్లా స్థాయిలో నరాల నిపుణులు ఎక్కడున్నారు, ఖరీదైన ఏర్పాట్లు ఎవరు చేస్తారు అన్నది మూడో అభ్యంతరం. కంకషన్ విషయంలో ఈ అభ్యంతరానికి బలం తక్కువ. దీన్ని గుర్తించడానికి ఎంఆర్ఐ అక్కర్లేదు. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో సమావేశమైన అంతర్జాతీయ నిపుణులు వైద్యులకు ఒక పరీక్షా పద్ధతిని, వైద్యేతరుల కోసం ఒక చిన్న గుర్తింపు పట్టికను విడివిడిగా సిద్ధం చేశారు. రెఫరీ, కోచ్, సహచర ఆటగాడు ఎవరైనా దాన్ని వాడవచ్చు. సూత్రం ఒక్కటే: అనుమానం వస్తే ఆ రోజు ఆట ముగిసినట్టే. ఆపై విశ్రాంతి, తేలిక నడక, ఒంటరి సాధన, ఢీకొనడం లేని సాధన, పూర్తి సాధన, చివరికి మ్యాచ్ అన్నట్టు అంచెలంచెలుగా, ఒక్కో అంచెకు కనీసం ఒక రోజు చొప్పున తిరిగి రావాలి. వాంతులు, పెరిగే తలనొప్పి, మత్తు, ఫిట్స్ ఉంటే మాత్రం క్షణం ఆలస్యం లేకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఇందులో ఖర్చయ్యేది డబ్బు కంటే పట్టింపే. దక్షిణ ఒడిశాకు పెద్ద దిక్కయిన ఎంకేసీజీకి రోడ్డు ప్రమాదాల తలగాయాలు కొత్త కాదు. స్కాన్ బాగుంది, ఇంటికి వెళ్లు అన్న మాట దగ్గర ఆగకుండా క్రీడాకారులకు వారానికొక తదుపరి పరీక్ష ఏర్పాటు చేయడం అక్కడ కొత్త భవనాలు అడిగే పని కాదు.

అయినా పట్టికలూ పరీక్షలూ సగం దారే నడిపిస్తాయి. మిగిలిన సగం చట్టం నడిపించాలి. బీసీసీఐ కార్యకలాపాలు వాణిజ్యపరమైనవే కాబట్టి ఈఎస్ఐ చట్టం దృష్టిలో అది దుకాణం కిందికే వస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు అక్కడి ఉద్యోగుల బీమా గురించే గానీ ఆటగాళ్ల గురించి కాదు. అయినా ఆట వ్యాపారమైతే ఆట ఆడించేవారికి యజమాని బాధ్యతలుంటాయన్న ఆలోచనకు అది తలుపు తెరిచింది. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా సంఘాల పాలనలో ఆటగాళ్లకు గొంతునిచ్చింది, వివాదాలకు ట్రిబ్యునల్ ఏర్పాటుచేసింది. ఆ గొంతు ముందుగా అడగాల్సినవి మూడు ఉన్నాయి. ఒకటి, కంకషన్ అయిన ఆటగాడికి కోలుకునేంతవరకూ మ్యాచ్ ఫీజు, జట్టులో పేరు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగంలో హాజరు యథాతథంగా ఉండాలి. రెండు, ఆటలోకి తిరిగి అనుమతించే అధికారం జట్టు జీతం తీసుకోని వైద్యుడికే ఉండాలి. మూడు, ప్రతి తలదెబ్బనూ ఆటగాడితో పాటు ఊరు మారినా జట్టు మారినా వెళ్లే ఒక రికార్డులో నమోదు చేయాలి. ఆ రికార్డును ఒప్పందం నిరాకరించడానికి వాడటం నేరం కావాలి. ఈ మూడో షరతు లేకపోతే రికార్డే ఆటగాడి మెడకు ఉరి అవుతుంది, మళ్లీ దాచడం మొదలవుతుంది.

ఇంత ఖర్చు చిన్న క్లబ్బులు ఎలా భరిస్తాయని అడిగేవారు లెక్క వేసి చూడాలి. ఎక్కువమంది రెండు వారాల్లో కోలుకుంటారన్నది ఎదురువాదులే చెప్పిన మాట. ఆ రెండు వారాల జీతం అంత భారం కాదు, అవి ఇవ్వకపోతే పోయే కెరీరే ఎక్కువ భారం. లీగ్‌లు, రాష్ట్ర సంఘాలు కలిసి ఒక ఉమ్మడి నిధి పెడితే అది ఏ ఒక్క క్లబ్బు మీదా పడదు. కార్మిక బీమా మన దేశంలో నిలబడింది ఈ ఉమ్మడి పద్ధతి మీదే. ఫ్యాక్టరీలో రక్షణ ఏర్పాట్లు పెడితే ఉత్పత్తి పడిపోతుందని వందేళ్ల కిందట యజమానులు భయపడ్డారు. ఉత్పత్తి పెరిగింది, మనుషులూ మిగిలారు. ఆట విషయంలోనూ అంతే. జాగ్రత్త ఆట వేగాన్ని తగ్గించదు, ఆటగాడి ఆయుష్షును పెంచుతుంది.

గిరి తరం కార్మిక నాయకులు ఒక సంగతిని గట్టిగా పట్టుకున్నారు. గాయపడ్డానని చెప్పుకోవడానికి కార్మికుడు భయపడే చోట గాయాలు తగ్గవు, వాటి లెక్క మాత్రమే తగ్గుతుంది. తెగిన వేలును దాచడం కష్టం కాబట్టి చట్టం దాన్ని ముందుగా పట్టికకెక్కించింది. అదిరిన మెదడును దాచడం తేలిక కాబట్టి అది ఇంతకాలం పట్టికకు బయట ఉండిపోయింది. బరంపురం నుంచి రేపు రాష్ట్ర జట్టుకు ఆడబోయే కబడ్డీ కుర్రాడో రగ్బీ అమ్మాయో మ్యాచ్ మధ్యలో కోచ్ దగ్గరికి వచ్చి ఏదోలా ఉందని ధైర్యంగా చెప్పాలి. ఆ మాట విన్నవారు ఇంకేమీ అడగకుండా కుర్చీ చూపించాలి. నెల తిరిగేసరికి జీతం పడాలి, జట్టు జాబితాలో పేరు ఉండాలి. కంకషన్‌కు మందు కనిపెట్టడం శాస్త్రవేత్తల పని. ఉన్న ఒకే ఒక్క సాక్షి నోరు విప్పేలా చూడటం మనందరి పని.